కుక్కతో 20 కిలోమీటర్ల ఓర్పు పరీక్షకు బెంగళూరులో ఎలా సిద్ధం కావాలి

పరీక్ష వినడానికి చాలా సూటిగా ఉంటుంది. మీరు సైకిల్ తొక్కుతారు, మీ కుక్క పట్టీతో మీ కుడిపక్కన పరుగెడుతుంది. దూరం 20 కిలోమీటర్లు, వేగం గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు. 8 కిలోమీటర్ల దగ్గర 15 నిమిషాలు ఆగుతారు, 15 కిలోమీటర్ల దగ్గర 20 నిమిషాలు ఆగుతారు. గమ్యం చేరాక మరో 15 నిమిషాల విశ్రాంతి ఉంటుంది. ఆ తరువాత కుక్క ఇంకా మీ మాట వినే స్థితిలో ఉందో లేదో చూడటానికి చిన్న విధేయత పరీక్ష పెడతారు. మార్కులు ఉండవు. నెగ్గారా లేదా అన్నదే ఫలితం. జర్మన్ భాషలోని పొడవాటి పేరును కుదించి అందరూ దీన్ని 'ఏడీ' అంటారు. నిబంధనలు అంతర్జాతీయ శునక సమాఖ్య అయిన ఎఫ్‌సీఐకి చెందినవి. మన దేశంలో కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. పరీక్షల తేదీలు తెలుసుకోవాలంటే అక్కడినుంచి, లేదా మీ ఊళ్లోని జర్మన్ షెపర్డ్ పెంపకందారుల నుంచి మొదలుపెట్టండి.

గొర్రెల మంద చుట్టూ రోజంతా తిరగగలిగే కుక్క కావాలని జర్మన్ షెపర్డ్ జాతిని తీర్చిదిద్దారు. 1899లో ఆ జాతికి సంఘం ఏర్పడింది. అందం చూసి కుక్కలను జతకట్టిస్తూ పోతే గుండె, ఊపిరితిత్తులు, కీళ్లు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. అందుకే పరుగెత్తించి చూస్తారు. పరుగు పూర్తయ్యాక కుక్క మరీ అలసిపోకుండా ఉండాలి, పాదాలు చెదరకుండా ఉండాలి. పరీక్ష అసలు ఉద్దేశం ఇది. మా కుక్క గౌరితో నేను రెండుసార్లు పాల్గొన్నాను. మొదటిసారి 15 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయాం, రెండోసారి నెగ్గాం. దూరం పరుగెత్తడం గౌరికి ముందునుంచీ వచ్చు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య దాన్ని చూసే పద్ధతిని నేను నేర్చుకున్నాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ చూపు గురించే.

ముందు డాక్టరు దగ్గరికి

పరీక్షలో పాల్గొనాలంటే కుక్కకు కనీసం 16 నెలలు నిండాలి. శిక్షణ కూడా ఎముకలు గట్టిపడ్డాకే మొదలుపెట్టాలి. 8 నెలల పిల్లను సైకిల్ వెంట పరుగెత్తించేవాళ్లు మన వీధుల్లో కనిపిస్తుంటారు. ఆ వయసులో కీళ్ల దగ్గర ఎముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది, అక్కడ తగిలిన దెబ్బ జీవితాంతం వదలదు. సైకిల్ సాధన ఏడాది దాటాకే, అదీ డాక్టరు సరేనన్నాకే. కడుపుతో ఉన్న కుక్కనూ, పిల్లలకు పాలిస్తున్న తల్లినీ ఈ పరీక్షకు తీసుకెళ్లకూడదు. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టిముక్కు జాతులతో ఈ ప్రయత్నమే వద్దు. వాటికి గాలి పీల్చుకోవడమే కష్టం, మన వేడిలో ప్రాణాపాయం.

డాక్టరును మూడు విషయాలు అడగండి. గుండె చప్పుడు విని చూడమనండి. తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించండి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు గుంటలో సరిగా కుదురుకోని లోపం తరచుగా ఉంటుంది, చిన్న వయసులో అది నడకలో బయటపడకపోవచ్చు. మూడోది రక్త పరీక్ష. బెంగళూరులో కుక్కను పెంచేవాళ్లకు పిడుదుల జ్వరం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎర్లీకియా, బబేసియా అనే రక్తపు జబ్బులు రెండూ పిడుదుల ద్వారానే వస్తాయి. ఎర్లీకియా నెలల తరబడి పైకి ఏ లక్షణమూ చూపకుండా శరీరంలో దాగి ఉండగలదు. అన్నం తింటుంది, తోక ఊపుతుంది, కానీ ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. రక్తం పలచబడిన కుక్కను 10 కిలోమీటర్లు పరుగెత్తిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. శిక్షణకు ముందు ఒకసారి, పరీక్షకు రెండు మూడు వారాల ముందు మరోసారి రక్తం చూపించండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడవద్దు.

పరీక్ష రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

నిబంధనల్లో ఒక అంకె ఉంది, మన ఊళ్లలో ఉండేవాళ్లు దాన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలి. బయటి ఉష్ణోగ్రత 22 డిగ్రీలు దాటకూడదు. జర్మనీలో అది పెద్ద సమస్య కాదు. మనకు అదే అన్నిటికన్నా పెద్ద సమస్య.

సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండటం బెంగళూరు అదృష్టం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి తెల్లవారుజామునే 22 దగ్గర మొదలవుతుంది. కాబట్టి మన పరీక్షల కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. ఇప్పుడు గంటల లెక్క చూడండి. గంటకు 13 కిలోమీటర్ల చొప్పున 20 కిలోమీటర్లకు 92 నిమిషాలు, మధ్యలో విరామాలు 35 నిమిషాలు. జనవరిలో ఉదయం 6.15కు బయలుదేరితే 8.20 దాటాక చేరుకుంటారు. ఎండ ఇంకా పదునెక్కదు. అదే 8 గంటలకు బయలుదేరితే చివరి 5 కిలోమీటర్లు, అంటే కుక్క బాగా అలసిన భాగం, పెరుగుతున్న ఎండలో పడుతుంది. 'ఆదివారమే కదా, కొంచెం ఆలస్యంగా వెళదాం' అన్న మాట ఈ పనిలో కుదరదు.

చెన్నైలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా కష్టం. అక్కడ జనవరి తెల్లవారుజామున కూడా 20, 21 దగ్గరే ఉంటుంది, పైగా గాలి నిండా తేమ. కుక్క రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరచుకుంటుంది, తేమ గాలిలో ఆ ఆవిరి పోవడమే కష్టం. చెన్నైలో తక్కువ దూరాలు సాధన చేసుకుని, ఎక్కువ దూరాలకూ పరీక్షకూ హోసూరు, బెంగళూరు వైపు రావడం మంచిదని నా అభిప్రాయం.

డిసెంబరు మొదట్లో పరీక్ష అనుకుంటే ఆగస్టు నడుమ మొదలుపెట్టండి. మొత్తం 16 వారాలు చేతిలో ఉంటాయి.

దారి

నియమం ప్రకారం కుక్క సైకిల్‌కు కుడిపక్కన ఉండాలి. జర్మనీలో వాహనాలు రోడ్డుకు కుడివైపున వెళతాయి కాబట్టి అక్కడ కుక్క రోడ్డు అంచున భద్రంగా ఉంటుంది. మన దేశంలో ఎడమవైపున వెళతాం. అంటే అదే నియమం పాటిస్తే కుక్క లారీల పక్కన పడుతుంది! ఈ ఒక్క కారణం చాలు, సాధన మామూలు రోడ్ల మీద చేయకూడదనడానికి. వాహనాలు దాదాపు లేని దారి దొరికేదాకా వెతకండి.

మేము యలహంక వైపు ఉంటాం. దొడ్డబళ్ళాపురం వెళ్లే పెద్ద రోడ్డు వదిలి పక్క పల్లెల్లోకి తిరిగితే రాగి చేలు, ద్రాక్ష తోటల మధ్య బాటలు ఉన్నాయి. అటు చాలామంది తెలుగు మాట్లాడతారు కాబట్టి, తోటల వాళ్లను అడిగి దారి కుదుర్చుకోవడం నాకు సులువైంది. మీరూ ముందుగా వెళ్లి అడగండి. తెల్లవారుజామున టార్చిలైటుతో, పెద్ద కుక్కతో ఎవరో తమ చేల మధ్య తిరుగుతుంటే ఎవరైనా కంగారు పడతారు. కోతల రోజుల్లో రాగి కంకులను రోడ్డు మీద పరిచి నూరుస్తారు. ఆ కుప్ప కనబడగానే దిగి, పక్కనుంచి నడిపించండి. అది వాళ్ల తిండి, పైగా ఎండు గడ్డి పుల్లలు కుక్క వేళ్ల మధ్య గుచ్చుకుంటాయి.

వీధికుక్కల గురించి కూడా ముందే ఆలోచించాలి. నాతో మా తమ్ముడు స్కూటరు మీద 50 మీటర్లు ముందు వెళ్లేవాడు. గుంపు కనబడితే చేయెత్తేవాడు. నేను దిగి, సైకిల్‌ను గౌరికీ గుంపుకూ మధ్య అడ్డంగా పెట్టుకుని నడిచేదాన్ని. తొక్కుతూ వేగంగా తప్పించుకుపోదామనుకోవద్దు, పరుగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం. రేబిస్ టీకా, నిలిచిన నీళ్ల ద్వారా సోకే లెప్టోస్పైరా జబ్బు టీకా గడువులో ఉన్నాయో లేదో చూసుకోండి. వానల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వవద్దు.

సైకిల్‌తో స్నేహం

మొదటి రెండు వారాలు సైకిల్ ఎక్కవద్దు. సైకిల్‌ను నెట్టుకుంటూ నడవండి, కుక్క కుడిపక్కన నడవాలి. చక్రం శబ్దం, బెల్లు, బ్రేకు కీచుమనడం, అన్నిటికీ అలవాటు పడాలి. మూడు మాటలు నేర్పండి: వేగం తగ్గించడానికి ఒకటి, తిరగడానికి ఒకటి, దేన్నైనా వదిలేయడానికి ఒకటి. మేము 'మెల్లగా', 'తిరుగు', 'వదులు' అనే మాటలే వాడాం.

పట్టీని చేతికి చుట్టుకోవద్దు, హ్యాండిల్‌కు కట్టవద్దు. ఉడుత కనబడగానే కుక్క పక్కకు లాగిందంటే ఇద్దరూ పడతారు. సీటు కింది గొట్టానికి బిగించే స్ప్రింగు కడ్డీలు దొరుకుతాయి, సాధనకు అవి చాలా మేలు. పరీక్షలో దేన్ని అనుమతిస్తారో పేరు నమోదు చేసుకునేటప్పుడే అడగండి. సాధనలో మెడపట్టీ బదులు, భుజాలు కదలడానికి అడ్డుపడని ఛాతీ పట్టీ వేయండి.

ఇక నడక. కుక్కకు దూరం పోవడానికి అనువైన పరుగును ట్రాట్ అంటారు. కుడి ముందుకాలు, ఎడమ వెనుకకాలు కలిసి లేస్తాయి, ఆ వెంటనే మిగిలిన రెండూ. వీపు దాదాపు కదలదు. దౌడు తీస్తే వీపు విల్లులా వంగి సాగుతుంది, బలమంతా త్వరగా ఖర్చవుతుంది. సైకిల్‌కు చవకరకం వేగమాపకం బిగించుకోండి. గంటకు 12 కిలోమీటర్లంటే కిలోమీటరుకు 5 నిమిషాలు, 15 అంటే 4 నిమిషాలు. ఈ రెండింటి మధ్య మీ కుక్క ట్రాట్ ఎక్కడ తేలిగ్గా సాగుతుందో కనిపెట్టండి. గౌరికి అది 13 దగ్గర. పక్కన టక్ టక్ మని అడుగుల చప్పుడు గడియారంలా ఒకే లయలో వినిపించేది. ఆ లయ తప్పిందంటే నేను వెంటనే చూసేదాన్ని. కళ్లు దారి మీద పెట్టాల్సినప్పుడు చెవులే మీకు ఆధారం.

దూరం పెంచడం

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో తప్పనిసరిగా ఒక రోజు విరామం. మూడో వారం 2 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి ఒక కిలోమీటరు, తరువాత ఒకటిన్నర నుంచి రెండు చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం పెంచకుండా కొంచెం తగ్గించండి. కండరాలు వారాల్లో బలపడతాయి, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులకు నెలలు పడుతుంది. కుక్క ఉత్సాహం చూసి దూరం పెంచితే పొరపడతారు, ఎందుకంటే కుక్క మీకోసం నొప్పిని దాచి మరీ పరుగెడుతుంది. మొదటి 8 కిలోమీటర్లు అలవాటయ్యాక పరీక్షలోలాగే 15 నిమిషాలు ఆగి మళ్లీ బయలుదేరడం సాధన చేయండి. ఆగి లేచాకే బిగుసుకున్న కాళ్లు బయటపడతాయి. పరీక్షకు రెండు వారాల ముందు ఒకసారి 16 కిలోమీటర్లు చేయండి. పూర్తి 20 ముందే చేసి చూడాలన్న కోరికను ఆపుకోండి. చివరి వారం 4, 5 కిలోమీటర్ల తేలిక పరుగులు రెండు సరిపోతాయి.

మీ కాళ్లకూ సాధన కావాలి. మీరు అలసిపోయి సైకిల్ అటూ ఇటూ ఊగితే కుక్క లయ చెడుతుంది.

పాదాలు

ఒక రోజు తోట గట్టు మీద కూర్చున్న పెద్దాయన గౌరిని చూసి, "పాపం, దానికి కాళ్లు నొప్పి పుట్టవా అమ్మా?" అని అడిగారు. పుట్టవని చెప్పి ముందుకు సాగాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు మొదటి పరీక్షలో దొరికింది.

15 కిలోమీటర్ల విరామంలో జడ్జి మోకాళ్ల మీద కూర్చుని గౌరి పాదాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూశారు. ముందు రెండూ బాగున్నాయి. కుడి వెనుకపాదం ఎత్తి, నన్ను దగ్గరికి పిలిచారు. నడుమ ఉండే పెద్ద మెత్త మీద పావలా బిళ్లంత చర్మం లేచి, కింద గులాబీ రంగు కనబడుతోంది. అంచున తారు రోడ్డు ఇసుక అంటుకుని ఉంది. గౌరి తోక ఊపుతూనే ఉంది, పట్టీని ముందుకు లాగుతూనే ఉంది. జడ్జి పాదాన్ని మెల్లగా కిందికి దించి, "ఇక చాలమ్మా" అన్నారు. వెనక వస్తున్న కారులో దాన్ని ఎక్కించుకుని వచ్చాం. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు న్యాయం. 15 కిలోమీటర్ల దాకా నేను ఒక్క కుంటు కూడా చూడలేదు.

కారణం తేలికగానే దొరికింది. నేను సాధనంతా మెత్తటి మట్టిబాట మీద చేయించాను, పరీక్ష సగానికి పైగా తారు మీద జరిగింది. పరీక్షలో తారు రోడ్డూ ఉంటుంది, కచ్చా బాటా ఉంటుంది. కాబట్టి మొదటి నెల తరువాత ప్రతి పరుగులో మూడో వంతు తారు మీద ఉండేట్టు చూసుకోండి. పాదం మెత్తలు మన అరచేతుల్లాంటివే, రాపిడికి కొంచెం కొంచెంగా అలవాటైతే గట్టిపడతాయి, ఒక్కసారిగా పడితే పుండవుతాయి. వాన తరువాత తడిసిన మెత్తలు నాని మెత్తబడి ఉంటాయి, ఆ రోజు తారు మీదికి తీసుకెళ్లవద్దు. సాయంత్రం పరుగెత్తించాల్సి వస్తే అరచేతి వెనుకవైపును 7 సెకన్లు రోడ్డుకు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్కా ఓర్చుకోలేదు.

ప్రతి పరుగు ముగిశాక దీపం వెలుగులో నాలుగు పాదాలూ చూడండి. వేళ్లను విడదీసి లోపల చూడండి, మెత్త అంచును బొటనవేలితో నిమిరి చూడండి. గరుకుగా, సమంగా ఉండాలి. నున్నగా మెరుస్తోందంటే పై పొర అరిగిపోతోందని అర్థం, రెండు రోజులు ఆపండి. మామూలు నీళ్లతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. రోజూ నూనెలు, మందపాటి లేపనాలు పూస్తే మెత్తలు మెత్తబడిపోతాయి. గోళ్లు గచ్చు మీద నడిచేటప్పుడు గట్టిగా చప్పుడు చేస్తే పొడవు పెరిగాయన్నమాట. పరీక్షకు వారం ముందు కత్తిరించండి, ముందురోజు మాత్రం వద్దు. గోటి లోపలి సున్నితమైన భాగం తెగితే ఇన్ని నెలల శ్రమ పోతుంది.

వడదెబ్బ

కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీలు. పరుగులో అది పెరగడం సహజం. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ లోపే కనిపించే గుర్తులు నేర్చుకోండి. నాలుక పొడవుగా వేలాడటం మామూలే, కానీ చివర గరిటెలా వెడల్పై, పెదవులు వెనక్కి లాగుకుపోయి ఉంటే వెంటనే ఆపండి. చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగితే, చొంగ చిక్కగా తీగలు సాగితే, పేరు పెట్టి పిలిచినా మీ వైపు చూడకపోతే ఆ రోజు పరుగు అయిపోయినట్టే. నీడలోకి చేర్చి, ఒళ్లంతా తడిసేట్టు నీళ్లు పోసి, విసరండి. ముందు చల్లబరచి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి. తడి తువ్వాలు ఒంటి మీద కప్పి వదిలేయకండి, కాసేపటికి అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి. మీ స్కూటరు మిత్రుడి దగ్గర కనీసం 5 లీటర్ల నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

నాడి చూడటం కూడా నేర్చుకోండి. వెనుకకాలి తొడ లోపలివైపు వేళ్లు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించండి. పెద్ద కుక్కకు విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉంటుంది. ఆగిన 10, 15 నిమిషాల్లో అది బాగా దిగి వస్తోందా లేదా అన్నది రాసిపెట్టుకోండి. వారాలు గడిచేకొద్దీ త్వరగా దిగాలి. ఒక రోజు దిగడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టిందంటే నేను జ్వరం చూసి, పిడుదుల కోసం చెవుల వెనక, చంకల్లో వెతికేదాన్ని.

పరీక్ష ముందురోజూ, ఆ రోజూ

ముందురోజు సాయంత్రం 7 లోపు తిండి పెట్టేయండి. ఉదయం నీళ్లు తప్ప ఏమీ వద్దు. నిండు కడుపుతో పరుగెత్తితే లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. పరుగు ముగిశాక కూడా రొప్పడం పూర్తిగా తగ్గి, గంటన్నర, రెండు గంటలు గడిచాకే కొంచెం పెట్టండి. విరామాల్లో నీళ్లు ఒకేసారి గిన్నెడు కాకుండా కొద్దికొద్దిగా ఇవ్వండి.

నమోదు పత్రాలు, టీకాల పుస్తకం, మైక్రోచిప్ నంబరు దగ్గర ఉంచుకోండి. జడ్జి బయలుదేరేముందు కుక్కను పరిశీలిస్తారు. సైకిల్ గాలి, బ్రేకులు ముందురాత్రే చూసుకోండి. ముందు దీపం పెట్టుకోండి. మొదటి 2 కిలోమీటర్లలో కుక్కలన్నీ ఉత్సాహంతో లాగుతాయి, మీరు 12 దగ్గరే పట్టి ఉంచండి. కొంచెం ముందుకు లాగడం తప్పు కాదు, వెనకబడటం మాత్రం అలసటకు గుర్తుగా చూస్తారు. 8 కిలోమీటర్ల విరామంలో కూర్చోబెట్టకుండా మూడు నిమిషాలు నడిపించి, తరువాత పాదాలు చూసి, పడుకోబెట్టండి. 15 కిలోమీటర్ల విరామంలో జడ్జి చూసేలోపే మీరు చూడండి. ఏదైనా కనబడితే మీరే చెప్పేయండి.

పూర్తయిన రోజు సాయంత్రం మళ్లీ పాదాలు చూడండి, మెల్లగా పావుగంట నడిపించండి. మర్నాడు పొద్దున్న లేచేటప్పుడు వెనుకకాళ్ల మీద ఎలా లేస్తోందో గమనించండి, బిగుసుకున్నట్టుంటే రెండు రోజులు చిన్న నడకలే. రెండోసారి పరీక్ష నెగ్గిన మర్నాడు గౌరి తెల్లవారుజామున 5 గంటలకే లేచి, సైకిల్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. పట్టీ తీయలేదు. వీధి చివరిదాకా ఇద్దరం నడిచి వెనక్కి వచ్చాం.